ఏ యూరిడిసీ? ఎవరి క్రియూసా?

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో పౌసానియస్ అనే గ్రీకు యాత్రికుడు డెల్ఫీ క్షేత్రానికి వెళ్లాడు. అక్కడ క్నిడస్ నగరం వాళ్లు కట్టించిన సావడి ఒకటి ఉండేది. దాని గోడ మీద, అప్పటికే ఆరు వందల ఏళ్ల పాతదైన పెద్ద చిత్రం. వేసినవాడు పాలిగ్నోటస్. ట్రాయ్ నగరం గ్రీకుల చేతికి చిక్కాక ఎలా ఉందో అందులో చూపించాడు: పడి ఉన్న శవాలు, తిరుగు ప్రయాణానికి సర్దుకుంటున్న గ్రీకులు, చెరపట్టిన ఆడవాళ్లు. పౌసానియస్ ఒక్కొక్క బొమ్మనూ పేరు పెట్టి చెప్పుకుంటూ పోయి, క్రియూసా దగ్గర కాస్త ఆగాడు. ఈమె ట్రాయ్ వీరుడు ఈనియస్ భార్య అనీ, దేవతల తల్లి, ఆఫ్రొడైటీ కలిసి ఈమెను బానిసత్వం నుంచి తప్పించారనీ జనం చెప్పుకునేవారట. ఆ మాట రాసి, పక్కనే మరో మాట చేర్చాడు: పాత కావ్యాల్లో మాత్రం ఈనియస్ భార్య పేరు యూరిడిసీ అని ఉంది.

ఆ చిత్రం ఎప్పుడో చెరిగిపోయింది. ఆ పాత కావ్యాలు తునకలుగా తప్ప దొరకవు. చిక్కు మాత్రం అలాగే మిగిలింది.

యూరిడిసీ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఓర్ఫియస్ భార్య. పాము కరిచి చనిపోయింది. భర్త పాతాళానికి దిగి, పాట పాడి, అక్కడి రాజు మనసు కరిగించి ఆమెను తెచ్చుకుంటూ, ఇంకాసేపట్లో వెలుగులోకి వస్తారనగా వెనక్కి తిరిగి చూసి మళ్లీ పోగొట్టుకున్నాడు. ఈ కథకు ఇప్పుడు లోకమంతా ఎరిగిన రూపం ఇచ్చినవాడు రోమన్ కవి వర్జిల్, వ్యవసాయం మీద రాసిన జార్జిక్స్ కావ్యంలో. అది క్రీస్తుపూర్వం 29 నాటికి పూర్తయింది. తర్వాత ఆయనే ఈనియడ్ రాశాడు. అందులో ట్రాయ్ తగలబడుతున్న రాత్రి ఈనియస్ ముసలి తండ్రిని భుజాలకెత్తుకుంటాడు, కొడుకు చెయ్యి పట్టుకుంటాడు, భార్యను మాత్రం కాస్త ఎడంగా వెనకాల రమ్మంటాడు. ఊరి బయటకు చేరి చూసుకుంటే అందరూ ఉన్నారు, ఆమె లేదు.

ఓర్ఫియస్ వెనక్కి చూసి పోగొట్టుకున్నాడు, ఈనియస్ చూడక పోగొట్టుకున్నాడు. నీడగా కనిపించిన భార్యను ఈనియస్ మూడుసార్లు కౌగిలించుకోబోతాడు, మూడుసార్లూ చేతులకు ఏమీ తగలదు. రెండు ఘట్టాలూ ఒకే చేతివని చదివినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. యూరిడిసీ అనే పేరు పాత కావ్యాల్లో సిద్ధంగా ఉన్నా ఈనియస్ భార్యకు వర్జిల్ దాన్ని వాడలేదు, క్రియూసా అన్నాడు. ఒక యూరిడిసీని అప్పటికే భర్త వెనకాల నడిపించి పోగొట్టిన కవికి, రెండోసారీ అదే పేరంటే ఎబ్బెట్టనిపించిందేమో. ఇది ఊహ మాత్రమే. కానీ ఈ ఇద్దరి సంగతీ చూస్తే ఒకటి తేలుతుంది. గ్రీకు పురాణాల్లో చాలామంది స్త్రీలకు కథ ముందు వచ్చింది, పేరు తర్వాత వచ్చి అతుక్కుంది.

ఓర్ఫియస్ భార్యనే తీసుకుంటే, క్రీస్తుపూర్వం 438లో ఆడిన యూరిపిడిస్ నాటకం ఆల్సెస్టిస్‌లో ఓర్ఫియస్ ప్రస్తావన ఉంది, పాతాళపు రాణిని పాటతో లొంగదీయడం ఉంది, భార్య పేరు లేదు. ప్లేటో సింపోజియంలో ఆమె కథ వస్తుంది, అక్కడా పేరు రాదు. ఆ తర్వాత హెర్మెసియనాక్స్ అనే కవి ఆమెను అగ్రియోపే అన్నాడు. యూరిడిసీ అన్న పేరు స్థిరపడింది ఇంకా తర్వాతే. 1607లో మాంటెవెర్డీ, 1762లో గ్లుక్ ఆమె మీద సంగీత నాటకాలు కట్టేనాటికి ఇంకో పేరు ఉండేదని గుర్తున్నవాళ్లు పండితులే.

మిగతా యూరిడిసీలకు అంత పేరు రాలేదు. థీబ్స్ రాజు క్రియోన్ భార్య ఒక యూరిడిసీ. సోఫోక్లిస్ ఆంటిగొనీ నాటకం చివర్లో గుడికి బయల్దేరుతూ వాకిట్లోకి వస్తుంది. ఆమె మాట్లాడేది మొత్తం తొమ్మిది పంక్తులు. ఇంట్లో ఏదో కీడు జరిగిందన్న మాట చెవిన పడింది, ఏమిటో చెప్పమంటుంది. కొడుకు చావు కబురు వింటుంది. ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి పోతుంది, కత్తితో పొడుచుకుని చనిపోతుంది. రంగస్థలం మీద ఇంత తక్కువసేపు ఉండి ఇంత గట్టిగా మనసుకు తగిలే పాత్రలు ప్రపంచ నాటకంలోనే అరుదు.

నెమియాలో మరో యూరిడిసీ. లైకర్గస్ భార్య. థీబ్స్ మీదికి పోతున్న ఏడుగురు సేనానులకు దాది హిప్సిపిలీ నీళ్లు చూపించడానికి వెళ్తూ యూరిడిసీ పసివాణ్ణి కింద పడుకోబెడుతుంది. పాము చంపేస్తుంది. ఆ బిడ్డ జ్ఞాపకార్థమే నెమియా క్రీడలు మొదలయ్యాయని గ్రీకులు నమ్మారు. దాదిని చంపించబోయిన ఆ తల్లి, ఆమెను శాంతింపజేసిన జోస్యుడు, ఇవన్నీ యూరిపిడిస్ హిప్సిపిలీ నాటకంలో ఉండేవి. చాలాకాలం ఆ నాటకం పోయిందనే అనుకున్నారు. ఈజిప్టులోని ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో దొరికిన పపైరస్ కాగితాల్లో పెద్ద పెద్ద భాగాలు బయటపడి, 1908లో అచ్చయ్యాయి. ఇంకా ఉన్నారు. పెర్సియస్ అమ్మమ్మ ఒక యూరిడిసీ. ఒడిస్సీలో ముసలి నెస్టర్ భార్య ఒక యూరిడిసీ.

ఇంతమందికి ఇదే పేరు ఎందుకు? విశాలమైన న్యాయం, విస్తారమైన ధర్మపాలన అనే అర్థం వస్తుంది ఆ పేరుకు. క్రియూసా అంటే ఏలే ఆమె. క్రియోన్ అంటే ఏలేవాడు, క్రియూసా దానికి స్త్రీరూపం. అంటే ఇవి దాదాపు పదవుల పేర్లు. కథలో ఒక రాజుకు భార్య కావాలి, లేదా కూతురు కావాలి. పాత కవి పేరు చెప్పలేదు. తర్వాత వచ్చినవాడు రాణికి తగ్గ పేరొకటి తీసి పెట్టాడు. ఈ పద్ధతి ఎంత సహజమో మాసిడోనియా చరిత్ర చూపిస్తుంది. అక్కడ నిజమైన రాణులకే యూరిడిసీ పేరు ఉంది. అలెగ్జాండర్ నాయనమ్మ యూరిడిసీ. అలెగ్జాండర్ చనిపోయాక సింహాసనమెక్కిన అతని సవతి సోదరుడు అరిడియస్‌ను పెళ్లాడిన అడియా అనే అమ్మాయి, పెళ్లితో యూరిడిసీ అయింది. 1987లో వెర్గినాలో పాలరాతి సింహాసనం ఉన్న ఒక సమాధి బయటపడితే, తవ్వకాలు జరిపిన ఆండ్రోనికోస్ అది అలెగ్జాండర్ నాయనమ్మ యూరిడిసీదే కావచ్చునన్నాడు.

ఇలా తర్వాతివాళ్లు పేరు పెట్టడం కొరింత్ కథలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. భార్య మెడియాను వదిలి జేసన్ ఆ ఊరి రాజు కూతుర్ని చేసుకుంటాడు. మెడియా విషం పూసిన చీర, కిరీటం కానుకగా పంపుతుంది. అవి తొడుక్కున్న పెళ్లికూతురు నిలువునా కాలిపోతుంది, కాపాడబోయిన తండ్రీ ఆమెకు అంటుకుని చనిపోతాడు. క్రీస్తుపూర్వం 431లో యూరిపిడిస్ ఆడించిన మెడియాలో ఆ అమ్మాయి రంగం మీదికి రాదు, ఆమెకు పేరూ లేదు. రాజకుమారి, అంతే. తర్వాతివాళ్లు ఆమెకు రెండు పేర్లు పెట్టారు. కొందరు గ్లాకే అన్నారు. కొందరు తండ్రి క్రియోన్ కాబట్టి కూతురు క్రియూసా అన్నారు. రోమన్ నాటకకర్త సెనెకా రెండోదే తీసుకున్నాడు. కొరింత్ ఊరివాళ్లు గ్లాకే పక్షం. విషపు మంట చల్లారుతుందని ఆమె దూకిన చోటు ఇదేనని పౌసానియస్‌కు ఒక నీటి ఊట చూపించారు. రాతిని తొలిచి కట్టిన గ్లాకే ఊట అపోలో గుడికి దగ్గర్లో ఈనాటికీ ఉంది. పేరే లేని అమ్మాయికి పేరుతో పాటు చిరునామా కూడా దొరికిందన్నమాట.

ఇక ఏథెన్స్ క్రియూసా. తక్కిన క్రియూసాలందరూ ఒకెత్తు, ఈమె ఒకెత్తు. రాజు ఎరెక్థియస్ కూతురు. కన్నెగా ఉన్నప్పుడు అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఉన్న గుహలో అపోలో ఆమెను చెరుస్తాడు. బిడ్డను ఎవరికీ తెలియకుండా కని, బుట్టలో పెట్టి, అదే గుహలో వదిలేస్తుంది. బిడ్డ చనిపోయాడనే అనుకుంటుంది. అపోలో పంపగా హెర్మెస్ ఆ బుట్టను డెల్ఫీకి చేర్చిన సంగతి ఆమెకు తెలియదు. ఏళ్లు గడిచాయి, జూథస్‌తో పెళ్లయింది, పిల్లలు కలగలేదు. సంతానం కోసం దేవుణ్ణి అడగడానికి దంపతులు డెల్ఫీ వస్తారు. గుడి వాకిలి ఊడుస్తున్న కుర్రవాడు అయాన్, తన కొడుకే. ఇద్దరికీ తెలియదు.

యూరిపిడిస్ అయాన్ నాటకంలో ఈ క్రియూసా నోరు విప్పుతుంది. ఇన్నాళ్లు దాచుకున్నదంతా దేవుడి గుడి ముందే నిలబడి, ఆ దేవుడి మీదే నేరం మోపుతూ చెప్పేస్తుంది. గ్రీకు నాటకాల్లో దేవుణ్ణి ఇంత సూటిగా నిలదీసిన స్త్రీ గొంతు అరుదుగా వినిపిస్తుంది. జూథస్ ఆ కుర్రవాణ్ణి తన కొడుకనుకుని ఇంటికి తీసుకుపోబోతుంటే, సవతి బిడ్డ అనుకుని విషం పెట్టిస్తుంది. అయాన్ పారబోసిన ద్రాక్షసారాను ఒక పావురం తాగి గిలగిలలాడి చస్తుంది. గుట్టు బయటపడుతుంది. గుడి పూజారిణి పాత బుట్ట తెచ్చాక, అందులో ఏమున్నాయో చూడకుండా చెప్పమంటాడు కొడుకు. కన్నెగా ఉన్నప్పుడు తాను నేసిన గుడ్డ, దాని మీద గోర్గాన్ బొమ్మ, బంగారు పాములు, ఆలివ్ ఆకుల దండ, అన్నీ చెబుతుంది. ఒక క్రియూసా విషంతో చనిపోయింది, ఇంకో క్రియూసా విషం పెట్టింది, మూడో ఆమె తప్పిపోయింది. పేరు తప్ప వాళ్ల మధ్య పోలికే లేదు.

మగవాళ్లకు మాత్రం ఈ బెడద లేదా అని శ్రోతలు అడగవచ్చు. ఉంది. ఇలియడ్‌లోనే ఎజాక్స్‌లు ఇద్దరు, క్రియోన్‌లు కొరింత్‌లో ఒకడు, థీబ్స్‌లో ఒకడు. మన మహాభారతంలో వ్యాసుడి తల్లి సత్యవతి, జమదగ్ని తల్లీ సత్యవతే. తేడా ఏమిటంటే హోమర్ ఎజాక్స్‌లను తండ్రుల పేర్లతోనే కాక పెద్ద ఎజాక్స్, చిన్న ఎజాక్స్ అని వాళ్ల కొలతలతోనూ వేరు చేస్తాడు. స్త్రీలను వేరు చెయ్యాలంటే ఎవరి కూతురో ఎవరి పెళ్లామో చెప్పాల్సి వస్తుంది. అపొల్లొడోరస్ పేరుతో చలామణి అయ్యే పురాణ సంగ్రహంలో డానస్ రాజు కూతుళ్ల పట్టిక ఉంది. యాభైమంది. అన్ని పేర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకే ఆ పట్టికలో ఒక ఎలెక్ట్రా, ఒక యూరిడిసీ, ఒక గ్లాకే కనిపిస్తారు. మొదటి రాత్రే భర్తలను చంపిన ఆ అక్కచెల్లెళ్లలో, భర్తను చంపకుండా వదిలిన హైపర్‌మ్నెస్ట్రా వంటి ఒకరిద్దరికి తప్ప ఎవరికీ సొంత కథ లేదు.

అన్ని కేసులూ ఇలా కవి సోమరితనం కావు. హిప్పొడామియా పేరు చూడాలి. ఒలింపియాలో జ్యూస్ దేవాలయం క్రీస్తుపూర్వం 470కీ 457కీ మధ్య కట్టింది. దాని తూర్పు ముఖాన రథపందేనికి సిద్ధమవుతున్న పెలోప్స్, పీసా రాజు ఈనోమస్, ఆ రాజు కూతురు హిప్పొడామియా. పందెంలో ఓడిన పెళ్లికొడుకులను రాజు చంపేసేవాడు. అలా పదమూడు మంది చచ్చారని పిండార్ పాడాడు. పడమటి ముఖాన పిరిథౌస్ అనే రాజు పెళ్లిలో తాగి మీదపడ్డ, సగం మనిషి సగం గుర్రమైన సెంటార్లు, పెళ్లికూతుర్ని పట్టుకున్న యూరిషన్. ఆ పెళ్లికూతురి పేరు ఇలియడ్‌లో హిప్పొడామియా. ఒకే గుడికి ఇటూ అటూ ఇద్దరు హిప్పొడామియాలు, ఇద్దరివీ పెళ్లి గొడవలే. శిల్పి ఇది కావాలని చేశాడో లేదో గానీ ఇంతకంటే చక్కని జత ఎక్కడా దొరకదు. పైగా తూర్పున నిలబడ్డ రెండు స్త్రీ విగ్రహాల్లో కూతురెవరో తల్లి ఎవరో పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

తూర్పు హిప్పొడామియాకు పూజ కూడా జరిగేది. పెలోప్స్‌తో తన పెళ్లి జరిగినందుకు కృతజ్ఞతగా హీరా దేవికి ఆమె కన్నెపిల్లల పరుగుపందేలు పెట్టిందని ఒలింపియాలో చెప్పుకునేవారు. పదహారుగురు స్త్రీలు నాలుగేళ్లకోసారి దేవికి వస్త్రం నేసి ఆ పందేలు నడిపేవారు. అమ్మాయిలు జుట్టు విరబోసుకుని, మోకాలి పైకి ఉండే పొట్టి వస్త్రం కట్టి, కుడి భుజం బయటపెట్టి పరుగెత్తేవారు. వాళ్ల కోసం మైదానాన్ని ఆరోవంతు తగ్గించేవారు. గెలిచిన పిల్లకు ఆలివ్ కిరీటం, హీరాకు బలిచ్చిన ఆవులో వాటా.

పరుగు అంటే అటలాంటా. ఇక్కడ చిక్కు ఇంకో రకం. ఆర్కేడియా అటలాంటాను తండ్రి అడవిలో వదిలేస్తే ఎలుగుబంటి పాలిచ్చింది. కాలిడాన్ పంది వేటలో మొదటి బాణం తగిలించింది ఆమే. బియోషియా అటలాంటా స్కీనియస్ కూతురు. తనను పరుగులో ఓడించినవాణ్ణే చేసుకుంటానంది. హిప్పొమెనిస్ బంగారు పండ్లు దారిలో విసిరి గెలిచాడు. వీళ్లు ఇద్దరా, ఒకరేనా? అపొల్లొడోరస్ రెండు కథలనూ ఒకే ఆమెకు కట్టి, ఆర్కేడియా తండ్రినే ఉంచి, మొగుడు మెలానియన్ అన్నాడు. అని ఊరుకోలేక, హెసియడ్ మాత్రం స్కీనియస్ కూతురన్నాడు, యూరిపిడిస్ మెనాలస్ కూతురన్నాడు అని చేర్చాడు. ముగ్గురు తండ్రులు, ఇద్దరు మొగుళ్లు, ఒక్క అమ్మాయి. బహుశా అడవిలో పెరిగి మగవాళ్లను దగ్గరికి రానివ్వని పరుగుల పిల్ల ఒకతె రెండు ప్రాంతాల్లోనూ ఉండేది. ఏ ఊరికి ఆ ఊరు తన పిల్లేనంది.

నాక్సోస్ ద్వీపంవాళ్లు దీనికి తలకిందులుగా చేశారు. థీసియస్ అరియాడ్నేను వదిలేసి పోయిన చోటు అదే. డయోనిసస్ వచ్చి ఆమెను పెళ్లాడిన చోటూ అదే. అయితే ఒడిస్సీలో డయోనిసస్ సాక్ష్యం మీద ఆర్టెమిస్ ఆమెను చంపేసిందని ఉంది. దేవుడి భార్యకు ఈ దుర్గతి ఏమిటి? ప్లూటార్క్ రాసిన థీసియస్ చరిత్రలో నాక్సోస్ వాళ్ల జవాబు ఉంది. అసలు అరియాడ్నేలు ఇద్దరట. మొదటి ఆమె డయోనిసస్ భార్య. ఆమె పండుగను ఆటపాటలతో చేసుకునేవారు. రెండో ఆమె థీసియస్ వదిలేసిన పిల్ల, కోర్సినీ అనే దాదితో వచ్చి అక్కడే చనిపోయింది. దాది సమాధి కూడా చూపించేవారు. ఆమె పండుగ ఏడుపులతో జరిగేది. అరియాడ్నే క్రీట్ రాజు మినోస్ కూతురు. ఇద్దరు అరియాడ్నేలు కుదరాలంటే ఇద్దరు మినోస్‌లు కూడా కావాలి కాబట్టి వాళ్లనూ సృష్టించారు. రెండు పండుగలు ముందు నుంచీ ఉండి, వాటికి లెక్క సరిపోయేలా రెండో అరియాడ్నే వచ్చిందనుకోవడమే సబబు.

విడదీయడం నాక్సోస్‌లో జరిగితే కలిపేయడం రోమ్‌లో జరిగింది. స్కిల్లా అంటే ఒడిస్సీలో ఆరు తలల రాకాసి. ఇంకో స్కిల్లా మెగారా రాజు నైసస్ కూతురు. ముట్టడించిన మినోస్ మీద మనసుపడి, తండ్రి ప్రాణం, రాజ్యం నిలబెట్టే ఊదారంగు వెంట్రుకను కోసి శత్రువుకు ఇచ్చింది. మినోస్ అసహ్యించుకున్నాడు. చివరికి ఆమె పక్షి అయింది, తండ్రి డేగై ఆమెను తరుముతాడు. జార్జిక్స్‌లో వర్జిల్ ఆ రెండు పక్షుల వెంటపడటం సరిగ్గానే రాశాడు. అంతకు ముందు రాసిన ఆరో ఎక్లాగ్‌లో మాత్రం నైసస్ కూతురి నడుముకే మొరిగే కుక్కలు కట్టి ఓడలను ముంచే రాకాసిని చేశాడు. ఓవిడ్ తన మెటమార్ఫోసిస్‌లో ఇద్దరికీ వేరువేరు కథలిచ్చి చిక్కు విడదీశాడు. ఇతర పద్యాల్లో ఆయనా కలిపేశాడు. తెలియక కాదు, ఒకే పేరు మీద రెండు పాపాలు మోపితే పద్యం బరువెక్కుతుంది కాబట్టి.

అన్నిటికంటే విడ్డూరం బ్రిసియిస్ సంగతి. ఇలియడ్‌లో అకిలిస్, అగమెమ్నాన్ గొడవకు కారణం చెరపట్టిన ఇద్దరు అమ్మాయిలు: క్రిసియిస్, బ్రిసియిస్. క్రిసియిస్ అంటే క్రైసిస్ కూతురు. బ్రిసియిస్ అంటే బ్రిసియస్ కూతురు. కావ్యమంతా వాళ్ల చుట్టూ తిరిగింది, అసలు పేర్లు హోమర్ చెప్పలేదు. తర్వాతి వ్యాఖ్యాతలు ఊరుకోలేదు. క్రిసియిస్ అసలు పేరు ఆస్టినొమీ అన్నారు. బ్రిసియిస్ అసలు పేరు హిప్పొడామియా అన్నారు. అలా ఇంకో హిప్పొడామియా చేరింది. ఇలియడ్‌లోనే ఈనియస్ అక్కచెల్లెళ్లలో అప్పటికే ఒక హిప్పొడామియా ఉంది.

అక్కడితో అయిపోలేదు. పన్నెండో శతాబ్దంలో బెన్వా ద సాంత్ మోర్ అనే ఫ్రెంచి కవి ట్రాయ్ కథ రాస్తూ, బ్రిసియిస్ పేరును బ్రిసైడా చేసి, ఆమెను జోస్యుడు కాల్కస్ కూతుర్ని చేసి, ట్రాయ్ రాకుమారుడు ట్రాయిలస్‌తో ప్రేమ కట్టాడు. హోమర్‌లో అలాంటి ప్రేమకథ లేనే లేదు. రెండు వందల ఏళ్లు గడవకముందే ఇటలీలో బొకాచియో ఆ పేరును క్రిసైడాగా మార్చాడు, అంటే రెండో బందీ పేరు వైపు జరిపాడు. చాసర్ అతన్నుంచి తీసుకున్నాడు, చాసర్ నుంచి షేక్స్‌పియర్ తీసుకుని ట్రాయిలస్ అండ్ క్రెసిడా నాటకం రాశాడు. ఆ నాటకంలో క్రెసిడా తండ్రి పేరు కాల్కస్. బ్రిసియస్ గానీ క్రైసిస్ గానీ అందులో ఎక్కడా కనిపించరు.